మెనూకి కత్తెర వేసే ముందు రోల్స్ చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇది: నాలుగేళ్ళుగా నడుస్తున్న వర్డ్‌ప్రెస్ బ్లాగు. మీతో కలిపి ఆరుగురు రాస్తారు. ప్లగిన్లు, అంటే అదనపు సౌకర్యాల కోసం వేసుకునే చిన్న ప్రోగ్రాములు, ఇరవై దాటాయి. అడ్మిన్‌లోకి, అంటే బ్లాగుని నడిపించే లోపలి పేజీల్లోకి, వెళ్తే ఎడమవైపు మెనూ స్క్రీన్ దాటి కిందకి పోతోంది. రాసేవాళ్ళేమో "కొత్త పోస్ట్ ఎక్కడ మొదలుపెట్టాలి" అని ఫోన్ చేస్తున్నారు. పోయిన వారం ఒకాయన వెతుకుతూ వెతుకుతూ పోస్టుల లింకులు ఏ రూపంలో ఉండాలో తేల్చే పర్మాలింక్స్ పేజీలో ఏదో నొక్కి సేవ్ చేసేశాడు, పాత పోస్టుల లింకులన్నీ పనిచేయడం మానేశాయి. మెనూని శుభ్రంగా సర్దిపెట్టే ప్లగిన్ ఏది మంచిది అని అడిగారు.

ప్లగిన్ పేరు చెప్తాను. కానీ మీరు చివర్లో, పోనీలే అన్నట్టు, ఒక మాట రాశారు: "ఎవరికి ఏం కావాలో తెలీక అందరికీ అడ్మినిస్ట్రేటర్ ఇచ్చేశాను." అసలు జబ్బు అక్కడుంది. మెనూ పొడవు దాని లక్షణం మాత్రమే.

వర్డ్‌ప్రెస్‌లో మెనూ అందరికీ ఒకేలా ఉండదు. ప్రతి మెనూ పేరు వెనకా ఒక అనుమతి ఉంటుంది. లాగిన్ అయిన మనిషికి ఆ అనుమతి ఉంటేనే ఆ పేరు కనపడుతుంది. ఒకరికి ఏయే అనుమతులు ఉండాలో తేల్చే హోదానే రోల్. అడ్మినిస్ట్రేటర్‌కి అన్ని అనుమతులూ ఉంటాయి కాబట్టి అన్నీ కనపడతాయి. అదే మనిషిని కంట్రిబ్యూటర్‌గా మార్చి చూడండి. కొత్త వర్డ్‌ప్రెస్‌లో అయితే డ్యాష్‌బోర్డ్, పోస్ట్స్, కామెంట్స్, ప్రొఫైల్, టూల్స్ తప్ప ఇంకేం మిగలవు. ఆథర్ అయితే వీటికి మీడియా ఒకటి కలుస్తుంది. సెట్టింగ్స్ అనే మాటే ఉండదు, పర్మాలింక్స్ జోలికి వెళ్ళే దారీ ఉండదు. మీకు కావలసిన పొట్టి మెనూ ఏ ప్లగినూ లేకుండానే సగానికి పైగా వచ్చేసింది.

కాబట్టి ముందు యూజర్స్ పేజీకి వెళ్ళండి. మీ పేరు వదిలేసి మిగతా ఐదుగురికీ టిక్ పెట్టండి, పైన రోల్ మార్చే డబ్బా ఉంటుంది, అందులోంచి ఒకేసారి మార్చెయ్యొచ్చు. ఎవరికి ఏది అన్నది ఇలా తేల్చుకోండి. రాసింది మీరు చూశాకే బయటికి వెళ్ళాలి అంటే కంట్రిబ్యూటర్. తనే పబ్లిష్ చేసుకోవచ్చు, వేరేవాళ్ళ పోస్టుల్లో మాత్రం వేలు పెట్టకూడదు అంటే ఆథర్. అందరి పోస్టులూ దిద్దుతూ, కామెంట్లు ఆమోదిస్తూ, కేటగిరీలు చూసుకునే మనిషి ఒకరుంటే వాళ్ళకి ఎడిటర్. రోల్ మార్చినంత మాత్రాన వాళ్ళు ఇంతకుముందు రాసిన పోస్టులకి ఏమీ కాదు, ఆ టెన్షన్ వద్దు.

ఒక్క చిక్కుంది. కంట్రిబ్యూటర్ బొమ్మలు అప్‌లోడ్ చెయ్యలేడు. రోల్ మార్చిన రోజు సాయంత్రానికే ఎవరో ఒకరు ఈ ఫిర్యాదుతో వస్తారు. దీనికోసమే ఆథర్ ఇచ్చేస్తుంటారు చాలామంది. అలా ఇస్తే పబ్లిష్ చేసే అధికారమూ, పబ్లిష్ అయిన తన పోస్టుని తీసెయ్యగల అధికారమూ కలిసి వెళ్తాయి. అంతకంటే యూజర్ రోల్ ఎడిటర్ అనో, మెంబర్స్ అనో ఉన్న ప్లగిన్లలో ఒకటి వేసుకుని, కంట్రిబ్యూటర్ రోల్‌కి ఫైళ్ళు అప్‌లోడ్ చేసే అనుమతి ఒక్కటి కలపడం మేలు. ఆ అనుమతి కలిపితే మీడియా మెనూ కూడా దానంతటదే వస్తుంది.

ఇక ఆయన చెడగొట్టిన పర్మాలింక్స్ సంగతి. పాత పోస్టు లింకు ఎక్కడైనా కాపీ చేసి పెట్టి ఉంటే అది ఏ రూపంలో ఉందో చూడండి. సెట్టింగ్స్‌లో పర్మాలింక్స్ పేజీ తెరిచి అదే రూపం ఎంచుకుని సేవ్ నొక్కండి. సాధారణంగా అంతే.

ఇప్పుడు మెనూకి వద్దాం.

మెనూ అనేది డేటాబేస్‌లో ఎక్కడో రాసి పెట్టి ఉండే జాబితా కాదు. మీరు అడ్మిన్‌లో ఏ పేజీ తెరిచినా, తెరిచిన ప్రతిసారీ, వర్డ్‌ప్రెస్ దాన్ని మొదటి నుంచీ కట్టుకుంటుంది. ఒక్కో పేరుకీ ఒక వరస సంఖ్య ఉంటుంది: డ్యాష్‌బోర్డ్ 2, పోస్ట్స్ 5, మీడియా 10, పేజెస్ 20, కామెంట్స్ 25, అప్పియరెన్స్ 60, ప్లగిన్స్ 65, యూజర్స్ 70, టూల్స్ 75, సెట్టింగ్స్ 80. మధ్యలో ఇన్ని ఖాళీలు వదిలింది ప్లగిన్లు వచ్చి కూర్చోవడానికే. ప్లగిన్ రాసేవాడు తనకి నచ్చిన సంఖ్య ఇచ్చుకోవచ్చు. అందుకే వారానికొకసారి కూడా ముట్టుకోని ప్లగిన్ పేరు డ్యాష్‌బోర్డ్ కిందే, పోస్ట్స్‌కి పైన, పీట వేసుకుని ఉంటుంది. సెట్టింగ్స్ కింద ఒక చిన్న పేజీ సరిపోయే దానికి పెద్ద మెనూ, దాని కింద ఆరు పిల్ల మెనూలు, అందులో ఒకటి "ప్రో వెర్షన్ కొనండి". మీ మెనూ పొడవులో సింహభాగం వీటిదే అయ్యుంటుంది, లెక్కపెట్టి చూడండి.

మెనూ సర్దే ప్లగిన్లన్నీ చేసే పని ఒకటే. వర్డ్‌ప్రెస్ జాబితా కట్టడం పూర్తిచేశాక, అది తెరమీదకి వచ్చేలోపు మధ్యలో దూరి, వరస మార్చి, కొన్ని పేర్లు తీసేసి, కొన్ని కలిపి పంపిస్తాయి. ఇది తెలిస్తే రెండు భయాలు పోతాయి. ఆ ప్లగిన్ ఆపేస్తే పాత మెనూ ఉన్నదున్నట్టు తిరిగొస్తుంది. మెనూలోంచి ఒక పేరు మాయమైనంత మాత్రాన ఆ ప్లగిన్‌కి గానీ, దాని డేటాకి గానీ ఏమీ కాదు. ఒక కొత్త భయం కూడా రావాలి, దాని గురించి కింద రాస్తాను.

నేను వాడేది అడ్మిన్ మెనూ ఎడిటర్. ఉచిత వెర్షనే మీకు చాలు. వేశాక సెట్టింగ్స్ కింద మెనూ ఎడిటర్ అని వస్తుంది. అది తెరిస్తే రెండు నిలువు వరసలు కనపడతాయి. ఎడమ వరసలో పెద్ద మెనూలు, దేన్ని నొక్కితే దాని పిల్ల మెనూలు కుడి వరసలో. మౌస్‌తో పట్టుకుని పైకీ కిందకీ లాగొచ్చు. ఒక పిల్ల మెనూని వేరే పెద్ద మెనూ కిందకి మార్చాలంటే పైనున్న బొమ్మల్లో కట్, పేస్ట్ వాడాలి. ఉచిత వెర్షన్‌లో అలా లాగడం కుదరదు. ప్రతి పేరు పక్కనా చిన్న బాణం ఉంటుంది, దాన్ని నొక్కితే పేరు, లింకు, ఐకాన్, ఎవరికి కనపడాలో తేల్చే అనుమతి లాంటి గడులు తెరుచుకుంటాయి. అన్నీ అయ్యాక సేవ్ నొక్కేదాకా ఏదీ అమల్లోకి రాదు.

దీంతో కొత్తవాళ్ళు తడబడే చోట్లు మూడు చూశాను. ఇందులో "హైడ్" అంటే అందరికీ హైడ్, అడ్మినిస్ట్రేటర్‌తో సహా. ప్లగిన్స్ అనే పేరుని రాసేవాళ్ళకి కనపడకుండా చేద్దామని దాచేస్తే మీకూ కనపడదు. తర్వాత, ఉచిత వెర్షన్‌లో ఉన్న అనుమతిని ఇంకాస్త బిగించడమే కుదురుతుంది. అసలు అనుమతి లేని రోల్‌కి కొత్తగా ఒక మెనూ చూపించడం కుదరదు. అది కావాలంటే రోల్‌నే మార్చాలి. మూడోది చిన్నదే గానీ జనం గంటలు పోగొట్టుకుంటారు: వర్డ్‌ప్రెస్ సొంత మెనూ ఏదైనా డిలీట్ చేసి సేవ్ చేస్తే అది మళ్ళీ వచ్చేస్తుంది. ప్లగిన్ పాడైందని కాదు, కావాలనే అలా పెట్టారు. దాన్ని తప్పించాలంటే హైడ్ చెయ్యాలి, లేదా దాని అనుమతి బిగించాలి.

రోల్ వారీగా టిక్కులు పెట్టి దాచుకోవాలంటే అడ్మినిమైజ్ అని ఇంకో పాత ప్లగిన్ ఉంది. ఒక పెద్ద పట్టిక వస్తుంది, అడ్డంగా రోల్స్, నిలువుగా మెనూలు. పని చేస్తుంది, కానీ ఆ పట్టిక చూస్తే మనసు ఉసూరుమంటుంది. ఇప్పటికే అడ్మిన్ అండ్ సైట్ ఎన్‌హాన్స్‌మెంట్స్ వాడుతున్నవాళ్ళయితే అందులోనే మెనూ వరస మార్చే భాగం ఉంది, వేరే ప్లగిన్ అక్కర్లేదు. మెనూ పొట్టి చేసుకోవడానికి ప్లగిన్లు పెంచుకోవడం ఏం బాగుంటుంది!

ఇక నేను రాస్తానన్న భయం. పేరు కనపడకపోవడం వేరు, తలుపుకి తాళం ఉండడం వేరు. మెనూలోంచి ఒక పేరు తీసేస్తే పరదా వేసినట్టే. అడ్మినిస్ట్రేటర్ హక్కులున్న మనిషికి ఆ పేజీ అడ్రస్ తెలిసినా, బ్రౌజర్ హిస్టరీలో ఉన్నా, ఎవరో పంపిన లింకు నొక్కినా నేరుగా లోపలికి వెళ్ళిపోతాడు. వర్డ్‌ప్రెస్‌లో మెనూ తీసేసే ఫంక్షన్లు ఉన్నాయి, 3.1 వెర్షన్ నుంచీ. వాటితో తీసినా ఇంతే. అడ్మిన్ మెనూ ఎడిటర్‌లో అనుమతి గడి బిగిస్తే ఆ పేజీని కూడా అడ్డుకుంటుంది, నిజమే. అయినా ఆ మనిషి రోల్‌లో ఉన్న హక్కు మాత్రం అలాగే ఉంటుంది. అదే పని చెయ్యడానికి ఇంకో దారి ఉంటే అది తెరిచే ఉంటుంది. అందుకే రోల్స్ సంగతి ముందు రాశాను. తాళం రోల్‌తో వెయ్యాలి, మెనూ ప్లగిన్‌తో ఇల్లు సర్దుకోవాలి. అందరినీ అడ్మినిస్ట్రేటర్లుగానే ఉంచి మెనూ దాచేస్తే, మీ పర్మాలింక్స్ ఇంకోసారి పోతాయి. ఈసారి ఎలా పోయాయో కూడా తెలీదు.

పేర్లు మార్చడం గురించి నా అనుభవం ఒకటి. కొన్నేళ్ళ కింద ఒక బ్లాగుకి ఇలాంటి పనే చేశాను. ప్లగిన్ ఎందుకులే, నాలుగు లైన్ల కోడ్ చాలనుకుని, మెనూ పేర్లన్నీ చక్కటి తెలుగులోకి మార్చాను. పోస్ట్స్ వ్యాసాలైంది, మీడియా బొమ్మలైంది, కామెంట్స్ అభిప్రాయాలైంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది, నన్ను నేనే మెచ్చుకున్నాను. మూడు వారాల తర్వాత ఒక పాఠకుడు మెయిల్ పెట్టాడు, "నా కామెంట్ ఎందుకు వెయ్యలేదు, అంత తప్పేం రాశాను" అని. వెళ్ళి చూస్తే నలభైకి పైగా కామెంట్లు ఆమోదం కోసం పడి ఉన్నాయి. ఎడిటర్‌ని అడిగితే "కొత్తవేమీ రాలేదనుకున్నా, ఎర్ర అంకె కనపడలేదుగా" అంది. ఆమె తప్పేం లేదు. కామెంట్స్ పేరు పక్కన గుండ్రంగా వచ్చే ఆ అంకె వేరుగా ఉండే వస్తువు కాదు, మెనూ పేరులోనే కలిపి రాసి ఉంటుంది. నేను పేరు మొత్తాన్ని చెరిపి కొత్తది రాసేసరికి అంకె కూడా చెరిగిపోయింది. ప్లగిన్స్ పక్కన అప్‌డేట్లు ఎన్నున్నాయో చూపించే అంకె కూడా ఇలాంటిదే. పేరు మార్చాలని ఉంటే, మార్చాక ఒక టెస్ట్ కామెంట్ పెట్టి అంకె వస్తోందో లేదో కళ్ళతో చూసుకోండి.

పేర్లు మార్చడానికి ఇంకో ఇబ్బంది ఉంది. రాసేవాళ్ళు ఏదైనా అర్థం కాక వీడియో చూస్తే అందులో "పోస్ట్స్ నొక్కండి" అంటారు, మీ తెరమీద పోస్ట్స్ ఉండదు. తెలుగులో కావాలంటే 4.7 వెర్షన్ నుంచీ ఎవరి ప్రొఫైల్‌లో వాళ్ళు భాష ఎంచుకోవచ్చు, ముందు సెట్టింగ్స్ జనరల్‌లో తెలుగు భాష దిగి ఉండాలి, అంతే. కావలసినవాళ్ళకి తెలుగు, మిగతావాళ్ళకి ఇంగ్లీషు. మనం చేత్తో రాసిన పేరు మాత్రం ఎవరు ఏ భాష పెట్టుకున్నా అదే వస్తుంది.

నేనైతే దాచడం కంటే కలపడం మీదే ఎక్కువ మనసు పెడతాను. మీ బ్లాగులో రోజూ జరిగే పని ఏంటి? ఎవరో రాసి రివ్యూకి పంపుతారు, మీరు చూసి పబ్లిష్ చేస్తారు. ఇప్పుడు మీరు పోస్ట్స్ నొక్కి, పేజీ వచ్చాక పైన పెండింగ్ అనే చిన్న లింకు వెతికి నొక్కుతున్నారు. ఒకసారి అలా వెళ్ళి, పెండింగ్ జాబితా వచ్చాక, పైన అడ్రస్ బార్‌లో ఉన్నది కాపీ చెయ్యండి. మెనూ ఎడిటర్‌లో కొత్త పేరు ఒకటి కలిపి, లింకు గడిలో అది పేస్ట్ చెయ్యండి. సైట్ పేరూ, అడ్మిన్ ఫోల్డర్ పేరూ (డబ్ల్యూపీ-అడ్మిన్) తీసేసి ఆ తర్వాతి ముక్క మాత్రమే ఉంచండి. రేపు డొమైన్ మారినా లింకు చెడదు. దానికి "చూడాల్సినవి" అని పేరు పెట్టి, డ్యాష్‌బోర్డ్ కిందే పెట్టుకోండి. పొద్దున లాగిన్ అవగానే ఒక్క నొక్కు. ఇలాంటివి రెండు మూడు చాలు. పది పెడితే మళ్ళీ మొదటికొస్తారు.

వరస విషయంలో నా పద్ధతి: రోజూ వాడేవి పైన, నెలకోసారి ముట్టుకునే ప్లగిన్ల పేర్లన్నీ కట్ చేసి టూల్స్ కిందో సెట్టింగ్స్ కిందో పేస్ట్ చేసెయ్యడం. దాచెయ్యను. దాచిన ప్లగిన్‌ని మనిషి మర్చిపోతాడు, మర్చిపోయిన ప్లగిన్ అప్‌డేట్ కాదు, ఆ తర్వాత కథ మీకు తెలుసు. అసలు ఈ పని చేస్తున్నప్పుడే "ఇది ఎందుకు వేశానబ్బా" అనిపించే ప్లగిన్లు కనీసం మూడు నాలుగు బయటపడతాయి. వాటిని తీసెయ్యండి. మెనూ పొట్టి చెయ్యడానికి దానంత మంచి మార్గం లేదు.

ఏం మార్చినా పరీక్షించేది మీ అకౌంట్‌తో కాదు. ఆథర్ రోల్‌తో ఒక టెస్ట్ అకౌంట్ చేసుకుని, ఇన్‌కాగ్నిటో విండోలో లాగిన్ అయి చూడండి. యూజర్ స్విచింగ్ అని ఒక ప్లగిన్ ఉంది, దాంతో ఒక్క నొక్కుతో వేరేవాళ్ళ అకౌంట్‌లోకి మారి, పని చూసుకుని వెనక్కి రావొచ్చు. కొత్త ప్లగిన్ వేసిన ప్రతిసారీ కూడా మెనూ ఒకసారి చూసుకోవాలి, కొత్త పేరు మీరు అనుకోని చోట వచ్చి ఉంటుంది.

ఇరుక్కుపోతే ఏం చెయ్యాలో ముందే తెలిసి ఉండాలి. మెనూ ఎడిటర్ పేజీనే దాచేసుకున్నారనుకోండి. అడ్మినిస్ట్రేటర్‌గా లాగిన్ అయి ఉండి, మీ అడ్మిన్ అడ్రస్ చివర ప్రశ్నార్థకం పెట్టి, రీసెట్, అడ్మిన్, మెనూ అనే మూడు ఇంగ్లీషు మాటల్ని చిన్న అక్షరాల్లో మధ్యలో అండర్‌స్కోర్లతో కలిపి రాసి, ఈక్వల్స్ గుర్తు, ఒకటి అంకె పెట్టి ఎంటర్ నొక్కండి. మెనూ మొదటి రూపానికి వచ్చేస్తుంది, మీరు సర్దుకున్నదంతా పోతుంది. అదీ పనిచెయ్యకపోతే హోస్టింగ్ ఫైల్ మేనేజర్‌లో ప్లగిన్స్ ఫోల్డర్‌కి వెళ్ళి ఈ ప్లగిన్ ఫోల్డర్ పేరు చివర ఒక అక్షరం కలపండి. ఫోల్డర్ దొరక్క వర్డ్‌ప్రెస్ దాన్ని ఆపేస్తుంది. ఇంకో అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ ఒకటి వేరే మెయిల్‌తో మీ దగ్గరే పెట్టుకోండి, రోల్స్ మార్చే ముందే.

అన్నట్టు, పాత వర్డ్‌ప్రెస్ చూసినవాళ్ళకి ఈ పొడవాటి మెనూ కూడా ఒకప్పుడు వరమే. 2008లో వచ్చిన 2.5లో మెనూ పైన అడ్డంగా ఉండేది. పిల్ల మెనూలు చూడాలంటే ముందు పెద్దదాన్ని నొక్కి పేజీ మొత్తం లోడ్ అయ్యేదాకా ఆగాలి. మౌస్ పెట్టగానే కిందకి జారే మెనూ ఇచ్చే ప్లగిన్లు అప్పట్లో వేసుకునేవాళ్ళం, ఓజ్ అనే డెవలపర్ రాసినది అందులో బాగా పేరున్నది. అదే ఏడాది డిసెంబర్‌లో 2.7 వచ్చి మెనూని ఎడమవైపుకి తెచ్చింది. 2011 డిసెంబర్‌లో 3.3 వచ్చాక మౌస్ పెడితే పిల్ల మెనూలు పక్కకి తెరుచుకోవడం వర్డ్‌ప్రెస్‌లోనే భాగమైపోయింది. ఆ ప్లగిన్ల అవసరం అలా తీరిపోయింది.

ఇప్పటి మెనూ ప్లగిన్లకీ కొంత అదే జరుగుతున్నట్టుంది. కంట్రోల్, కె కలిపి నొక్కితే వచ్చే కమాండ్ ప్యాలెట్ 2023లో 6.3తో పోస్ట్ ఎడిటర్, సైట్ ఎడిటర్‌లలో మొదలై, 6.9తో అడ్మిన్ అంతటికీ వచ్చింది. నొక్కి, వెళ్ళాల్సిన పేజీ పేరులో నాలుగు అక్షరాలు కొడితే అక్కడికి తీసుకెళ్తుంది. మీకిది అలవాటైతే మెనూ ఎంత పొడవున్నా పట్టదు. రాసేవాళ్ళలో కీబోర్డ్ షార్ట్‌కట్లు వాడేవాళ్ళు తక్కువ, వాళ్ళకి మెనూనే దిక్కు.

రోల్స్ మార్చాక కూడా వాళ్ళ మెనూలో అనవసరమైన పేరు ఏదైనా మిగిలితే కంగారు పడకండి. కొన్ని ప్లగిన్లు పోస్టు రాసే అనుమతి ఉన్న ప్రతివాళ్ళకీ తమ పేరు చూపిస్తాయి. కాంటాక్ట్ ఫామ్ 7 అలాంటిదే, కంట్రిబ్యూటర్‌కి కూడా కనపడుతుంది. మెనూ ఎడిటర్‌లో అనుమతి గడి వాడాల్సింది సరిగ్గా ఇక్కడ. టెస్ట్ అకౌంట్‌తో చూసి ఏయే పేర్లు మిగిలాయో ఇక్కడ రాయండి, ఒక్కోదానికీ ఏం చెయ్యాలో చెప్తాను.